పని దగ్గు

ఉదయగిరి బస్టాండు పక్కన కొరియర్ కౌంటరు నాది. ఈ ఊరి నుంచి బయటికి పోయే పెట్టెల్లో సగానికి సగం కొయ్య చెంచాలే ఉంటాయి. తూకం వేసి వేసి, పెట్టె ఎత్తితే చాలు అది ఎవరింటి పనో చెప్పగలను. మిగతావాళ్ళ పెట్టెలు గలగలమంటాయి. ఖాదర్‌బీ పెట్టె మాత్రం ఎంత కదిలించినా మాట్లాడదు. ఒక్కో చెంచానూ పాత చీర ముక్కలో చుట్టి, సందుల్లో కొయ్యపొట్టు కూరి మరీ పంపుతుంది. చెంచా చెయ్యడానికి పట్టినంత సేపూ చుట్టడానికి కూడా పడుతుందని కూతురు సాయిరా విసుక్కుంటుంది.

ఖాదర్‌బీకి యాభై దాటాయి. కలిగిరి నుంచి ఈ ఊరికి కోడలుగా వచ్చింది. పుట్టింటివాళ్ళది గొర్రెల బేరం, కొయ్యపని ఎరగరు. పెళ్ళి సందడి తగ్గగానే భర్త అల్లావుద్దీన్ ఆమె చేతికి ఆకురాయి ఇచ్చాడు. ఆయన నర్ది కొయ్యను బాడిసెతో చెక్కి చెంచా ఆకారం తెస్తే, ఈమె దాన్ని ఆకురాయితో అరగదీసి, ఉప్పు కాగితం పట్టి నునుపు చేసేది. కొన్నేళ్ళ కిందట ఆయన పోయాక బాడిసె కూడా ఈమె చేతికే వచ్చింది. బాడిసె మగవాళ్ళ పని అని వీధిలో ఒకరిద్దరు గొణిగారు. గొణిగినవాళ్ళ ఆర్డర్లు కూడా తరవాత ఈమే పూర్తిచేసింది.

అరగదీసేటప్పుడు కొయ్యలో సన్నటి నెర్రె బయటపడుతుంటుంది. కొందరు ఆ నెర్రెలో పొట్టు, బంక కలిపి కూరి, పైన ఉప్పు కాగితం పట్టించేస్తారు. కొన్నవాళ్ళకు వేడి పులుసులో ముంచినప్పుడు తెలుస్తుంది. ఖాదర్‌బీ నెర్రె చెంచాను తీసుకెళ్ళి పొయ్యిలో పెడుతుంది. ఇదంతా ఆమె నిజాయితీని పొగడటానికి చెప్పడంలేదు. అయిపోయిన పనిని మళ్ళీ ముట్టుకోవాలంటే ఆమెకు చిరాకు, అంతే.

ఇక దగ్గు సంగతి. ఆ వీధిలో దగ్గనివాళ్ళు లేరు. జలుబు చేస్తే వచ్చే దగ్గు వేరు, వానలకు వచ్చే దగ్గు వేరు, ఇది పని దగ్గు. ఆ పేరు ఎవరు పెట్టారో గానీ, పేరు పెట్టాక ఇక దాని గురించి ఆలోచించే అవసరం ఎవరికీ కలగలేదు. ఆకురాయి చప్పుడు వినిపించే ఇంట్లో దగ్గు కూడా వినిపిస్తుంది. ఎవరు దగ్గినా ఎవరూ తల తిప్పి చూడరు. అల్లావుద్దీన్ కూడా చివరి రెండేళ్ళూ మంచం మీద కూర్చుని దగ్గుతూనే ఉన్నాడు. పోయినప్పుడు వయసు మీద పడింది అన్నారు. ఆయనకు అరవై కూడా నిండలేదు.

ఖాదర్‌బీకి ఆయాసం వచ్చినప్పుడు పీల్చే నీలం రంగు పంపు ఒకటి ఉంది. ఊళ్ళో ఆర్‌ఎంపీ ఎప్పుడో ఇచ్చాడు, అయిపోయినప్పుడల్లా మందుల షాపులో అడిగి తెచ్చుకుంటుంది. దాన్ని ఆమె మందుల డబ్బాలో పెట్టదు. ఆకురాళ్ళు, ఉలి, ఉప్పు కాగితం ఉండే గుడ్డసంచిలో పెడుతుంది. పనికి కూర్చునేటప్పుడు ఆకురాయి తీసినట్టే దాన్నీ తీసి పక్కన పెట్టుకుంటుంది.

వేసవి చివర్లో రేణుకాదేవి మంచి కబురు తెచ్చింది. ఊళ్ళో చెంచాలు చేసే ఆడవాళ్ళ సంఘానికి ఆమె పెద్ద. జర్మనీలో చేతిపనులవాళ్ళ సంత జరుగుతుందట. ఢిల్లీలోని ఒక సంస్థ మన సంఘం నుంచి అయిదుగురిని పిలిచింది. టిక్కెట్లు, బస వాళ్ళవే. వైద్యం ఖర్చులకు ఇన్సూరెన్సు మాత్రం ఎవరికి వాళ్ళు చేయించుకోవాలి. అది లేకపోతే వీసా ఇవ్వరు.

ఖాదర్‌బీ ఆ సాయంత్రం నా కౌంటరుకు వచ్చి, పెట్టె తూకం వేయించుకుంది. రసీదు తీసుకున్నాక అంది.

"ఇన్నేళ్ళుగా నా చెంచాలు ఆ దేశాలకు పోతా ఉండాయి గదా తిరుపాలూ. వాటితో వాళ్ళు ఏం తింటారో ఒకసారి చూసొస్తాను."

నేను ఆమెను చాలాకాలంగా ఎరుగుదును. ఫలానాది కావాలని ఆమె నోటి వెంట రావడం అదే మొదటిసారి. కసుమూరు దర్గా దాటి ఎక్కడికీ పోని మనిషి. ఎంత ఆశపడిందో ఆమె ముఖంలో కనిపించింది, నాకు సంతోషం వేసింది.

భయమంతా సాయిరాది. డిగ్రీ చదివి, ఫోనులో ఆర్డర్లు చూసుకుంటూ, తీరిక దొరికితే తల్లి పక్కన కూర్చుని ఉప్పు కాగితం పడుతుంది. ఆ పిల్ల ఆ రాత్రే ఫోనులో ఏవేవో చదివింది.

"ఆడ ఆసుపత్రిలో నాలుగు రోజులు పడుకుంటే మన ఇల్లు అమ్మినా చాలదంట అమ్మీ," అంది తల్లితో.

"నేనెందుకు పడుకుంటాను. రాయి మాదిరి ఉండాను."

"పడుకుంటే ఆ బాకీ ఎవురు కట్టాల? నేనే గదా. మంచి ఇన్సూరెన్సు తీసుకోకుండా నువ్వు పోతానంటే నేను ఒప్పుకోను."

ఉన్నది ఆ రెండు గదుల ఇల్లే. తను పోయాక అది సాయిరాకు ఉండాలని ఖాదర్‌బీ పట్టుదల. అందుకని కూతురి మాటకు ఎదురు చెప్పలేదు. మంచిదేదో చూసి తీసుకుందామంది.

నాకు ఆత్మకూరులో బండి ఇన్సూరెన్సు కట్టే పని ఉండటంతో ముగ్గురం ఒకే బస్సులో వెళ్ళాం. ఖాదర్‌బీ పనిముట్ల సంచి కూడా తెచ్చుకుంది. అరిగిపోయిన ఆకురాయి చూపించి ఆ కొలతకే కొత్తది కొనాలట. ఇనుప సామాన్ల షాపులో ఆకురాళ్ళు ఏరడానికి ఆమె పట్టించిన సేపు చూసి, ఇన్సూరెన్సు ఏరడానికి ఇంకెంత సేపు పడుతుందోనని నేను భయపడ్డాను.

మోహన్‌కృష్ణ ఆఫీసు బస్సు డిపో ఎదురుగా మేడమీద ఉంది. అతను ట్రాక్టర్లకు, గేదెలకు, గొర్రెలకు ఇన్సూరెన్సు చేస్తాడు. గొర్రెల చెవులకు తగిలించే పసుపు బిళ్ళలు బల్ల మీద డబ్బాలో ఉంటాయి. విదేశాలకు పోయే మనుషులు అప్పుడప్పుడు వస్తారు, వాళ్ళకు మాత్రం బిళ్ళ తగిలించడు. నెమ్మదస్తుడు, వచ్చినవాళ్ళను తొందరపెట్టడు. అది నిజంగా మంచి గుణం.

కంప్యూటరు తెర మా వైపు తిప్పి మూడు పాలసీలు చూపించాడు.

"ఈ మొదటిది చవక. వీసాకు ఎంత కావాలో అంతే ఉండాది. రెండోదాంట్లో సామాను పోయినా, విమానం లేటైనా ఎంతో కొంత ఇస్తారు. మూడోది కొంచెం రేటెక్కువ."

"సామాను పోతే ఇస్తారా," అంది ఖాదర్‌బీ, బల్ల మీదికి వంగి. "చెంచాల పెట్టె పోతే?"

"అమ్ముకునే సరుక్కు రాదమ్మా. మీ బట్టలకు, వాడుకునే వస్తువులకు వస్తాది."

"నా బట్టలు ఎవురు ఎత్తుకుపోతారు నాయనా. పెట్టె పోతేనే గదా నాకు కష్టం."

పాలసీ కాగితాల సంగతి నాకు కొంత తెలుసు. ఇస్తాం అనే మాట ఒకచోట పెద్ద అక్షరాల్లో ఉంటే, ఇవ్వం అనే మాట వెనక పేజీల్లో చీమల బారులాగా ఉంటుంది. సాయిరా ఆ వెనక పేజీలే చదివించింది. పన్ను నొప్పికి ఎంతవరకు ఇస్తారు, కాలు విరిగితే ఎంత, పాసుపోర్టు పోతే ఎవరికి ఫోన్ చెయ్యాలి, అన్నీ అడిగింది. మోహన్‌కృష్ణ ఓపిగ్గా చెప్పాడు. చివరికి తల్లీకూతుళ్ళు రెండోదాని దగ్గర ఆగారు. పెట్టెకు రాకపోయినా ఆ పెట్టెను తీసుకుపోయే విమానం లేటైతే ఏదో ఒకటి వస్తుందని ఖాదర్‌బీ లెక్క. అతను వివరాలు ఎక్కించడం మొదలుపెట్టాడు.

"షుగరు ఉందామ్మా?"

"లేదు."

"బీపీ, గుండె జబ్బు, ఊపిరితిత్తుల జబ్బు? రోజూ వాడే మందులు ఏమన్నా?"

"ఏమీ లేవు నాయనా."

ఆమె అబద్ధం చెప్పలేదు. అది గట్టిగా చెప్పాలి. మనిషి కళ్ళలోకి చూస్తూ, ఉన్నదే చెప్పింది. మోహన్‌కృష్ణ అన్నింటికీ లేదు అని కొట్టాడు. అప్పుడే కింద షాపువాడు మెట్లు ఊడ్చినట్టున్నాడు, దుమ్ము పైకి లేచింది. ఖాదర్‌బీ దగ్గింది. దగ్గుతూనే సంచిలో చెయ్యి పెట్టి, కొత్త ఆకురాయిని పక్కకు జరిపి, నీలం పంపు తీసి రెండుసార్లు పీల్చి, మళ్ళీ సంచిలో వేసింది. సాయిరా తెరవైపే చూస్తోంది. నేను కిటికీలోంచి బస్సులు చూస్తున్నాను. తల తిప్పి చూసినవాడు మోహన్‌కృష్ణ ఒక్కడే.

"అదేందమ్మా?"

"ఏంది?"

"ఇప్పుడు పీల్చినారు గదా."

"ఇదా. పని దగ్గుకు."

"ఎన్నాళ్ళ నుంచి ఉండాది?"

"పనిలో కూర్చున్నకాడ నుంచి. అందరికీ ఉంటాది. అది జబ్బు కాదు నాయనా, పని ఆపితే తగ్గతాది."

"ఎప్పుడన్నా పని ఆపినారా?"

ఖాదర్‌బీ సంచి తాడు బిగించింది. మోహన్‌కృష్ణ కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

"చూడండమ్మా. దీన్ని రాయకపోతే ఇప్పుడే పాలసీ ఇచ్చేస్తాను, ఎవురూ అడగరు. మీరు పోయినచోట చలి. ఆయాసం ఎక్కువై ఆసుపత్రిలో చేరినారంటే, అప్పుడు అడుగుతారు. ఈ పంపు ఎప్పటి నుంచి వాడతా ఉండావని అడిగితే మీరు నిజమే చెప్తారు. అప్పుడు కంపెనీవాళ్ళు పైసా ఇయ్యరు. రాస్తే డాక్టరు కాగితం అడుగుతారు, రేటు పెంచుతారు, కాదని కూడా అనొచ్చు. ఈ మూడోదాంట్లో, ముందునుంచి ఉన్న జబ్బు ప్రాణం మీదికి వస్తే ఖర్చు ఇస్తారు. మిగతా రెండింట్లో ఇయ్యరు."

సాయిరా రేణుకాదేవికి ఫోన్ చేసింది. అందరికీ వినబడేట్టు పెట్టింది.

"దగ్గు రాయబాకండి," అంది రేణుకాదేవి. అంటూ తనే ఒకసారి దగ్గింది. "మేం నలుగురం ఏమీ లేదనే రాసినాం. ఇప్పుడు అక్క ఒక్కతే రాస్తే ఢిల్లీవాళ్ళు ఏమనుకుంటారు? జబ్బు మనిషి ఎందుకని ఇంకొకరి పేరు పెడతారు. చేజర్ల సంఘంలో మా చెల్లెలి కోడలు కాచుకోని ఉండాది. అక్కా, వింటా ఉండావా?"

"వింటా ఉండాను."

"ఉన్న అవకాశం పోగొట్టుకోబాక."

ఫోన్ పెట్టేశాక ఖాదర్‌బీ పసుపు బిళ్ళల డబ్బా మీది నుంచి చూపు కూతురి మీదికి తిప్పింది. ఇక్కడ నెర్రె చెంచాల మాట ఎత్తి, ఆమె మనసు విప్పి చూపించినట్టు రాయొచ్చు. కానీ ఆమెకు ఆ క్షణంలో చెంచాలు గుర్తొచ్చాయని నేను అనుకోను. ఆమె చూస్తున్నది కూతురిని.

"నాకు ఆడ ఏమన్నా అయితే ఇల్లు పోతాది, అంతేగదా?" అంది.

"అంతే," అంది సాయిరా.

"రాయి నాయనా. మూడోదే రాయి. కాదంటే ఇంట్లో కూర్చుంటాను."

మాట మామూలుగానే అంది. చెయ్యి మాత్రం సంచి తాడును మెలిపెడుతూనే ఉంది. జర్మనీ చేయి జారిపోయిందనే అనుకున్నాం ముగ్గురమూ.

మోహన్‌కృష్ణ చెప్పిన డాక్టరు జనార్దనయ్య ఆ వెనక వీధిలోనే. వయసైన మనిషి, వరసలో కూర్చోబెట్టి ఒక్కొక్కరినీ నిదానంగా చూస్తాడు. నేను బయట బల్ల మీద కూర్చున్నా తలుపు సందులోంచి అన్నీ వినబడ్డాయి. గొట్టంలో గట్టిగా ఊదమన్నాడు. మళ్ళీ ఊదమన్నాడు. మూడోసారి ఊదేసరికి ఖాదర్‌బీ దగ్గుతో ఉక్కిరిబిక్కిరైంది.

"ఏం పని చేస్తారమ్మా?"

"కొయ్యపని. చెంచాలు."

"ఇంట్లో ఇంకెవరికన్నా ఇట్టా ఉందా?"

"మా ఇంటాయనకు ఉండె."

"ఇప్పుడెట్లా ఉన్నాడు?"

"లేడు."

డాక్టరు రాసుకున్నాడు. ఇది ఆస్తమా అని, కొయ్య దుమ్ము పీల్చీ పీల్చీ వచ్చిందని, నీలం పంపు ఆయాసం ఆపుతుందే తప్ప జబ్బును ఆపదని చెప్పాడు. రోజూ పీల్చే మందు వేరే రాశాడు. ప్రయాణం అయ్యేదాకా దుమ్ము దగ్గర కూర్చోవద్దని, ఆ తరవాత కూడా ముక్కుకు మాస్కు లేకుండా పని ముట్టుకోవద్దని అన్నాడు. మందులు సరిగ్గా వాడితే ప్రయాణానికి అడ్డేమీ లేదని కాగితం మీద రాసిచ్చాడు.

"మా ఆయనకు కూడా ఇదేనా సార్?" అంది ఖాదర్‌బీ.

"మనిషిని చూడకుండా ఎట్లా చెప్పేదమ్మా."

దాని నకలు మోహన్‌కృష్ణకు ఇచ్చి బస్సెక్కాం. తిరుగు బస్సులో సాయిరా డాక్టరు కాగితం తీసి, గొంతు సవరించుకుని, ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగు చేసి తల్లికి చదివి వినిపించింది. పని వల్ల వచ్చిన ఆస్తమా. ఖాదర్‌బీ ఆ మాటను రెండోసారి చదవమంది. తరవాత కాగితం తీసుకుని, తనకు రాని అక్షరాలను చాలాసేపు చూసింది.

"దీనికి పేరు ఉండాదని ఆయనకు తెలీకనే పోయినాడు," అని ఏడ్చింది. భర్త పోయిన రోజున కూడా వచ్చినవాళ్ళకు చాపలు వేస్తూ తిరిగిన మనిషి. బస్సులో నలుగురూ చూస్తున్నారని కూడా చూసుకోలేదు. సాయిరా తల్లి చెయ్యి పట్టుకుని కూర్చుంది.

పది రోజులు ఏ కబురూ లేదు. ఖాదర్‌బీ రోజూ ఏదో ఒక వంక పెట్టుకుని నా కౌంటరు ముందు నుంచి నడిచేది, అడిగేది కాదు. చివరికి కంపెనీవాళ్ళు రేటు పెంచి పాలసీ ఇచ్చారు. ఢిల్లీవాళ్ళు ఏమీ అనలేదు, వాళ్ళకు కావలసింది ఫైల్లో ఒక కాగితం. రేణుకాదేవి మాత్రం తన మాట వినలేదని వారంపాటు ముభావంగా ఉంది. తరవాత ఒక రోజు వచ్చి, ఆ డాక్టరు ఏ వేళకు ఉంటాడని అడిగి వెళ్ళింది.

వీసా వచ్చింది. చెంచాల పెట్టెను ముందే పంపాలని సాయిరా ఫోన్ చేస్తే, మధ్యాహ్నం నేనే ఆటో తీసుకుని వాళ్ళింటికి వెళ్ళాను. ఖాదర్‌బీ గడప దగ్గర, దుమ్ముకు దూరంగా కూర్చుని చెంచాలు గుడ్డల్లో చుడుతోంది. ముఖం తేటగా ఉంది. కొత్త మందు పనిచేస్తోందట, రాత్రిళ్ళు నిద్ర పడుతోందట. జర్మనీలో చలికి స్వెట్టరు కొన్నానని, ఉన్ని టోపీ పెట్టుకుంటే కోతి మాదిరి ఉన్నానని నవ్వింది. డాక్టరు చెప్పినట్టే, చీటీ ఇచ్చిన రోజు నుంచి ఆకురాయి ముట్టుకోలేదని గర్వంగా చెప్పింది.

"మరి ఇన్ని చెంచాలు ఎవరు చేసినారమ్మా?" అన్నాను.

"సాయిరానే. పగలూ రాత్రీ కూర్చోని మొత్తం ఆ పిల్లే చేసింది."

లోపలి గదిలో సాయిరా ఆఖరి గరిటెకు ఉప్పు కాగితం పడుతోంది. కిటికీ వెలుగులో పొట్టు పొగలాగా లేస్తోంది. వెంట్రుకల మీద, కనుబొమ్మల మీద తెల్లగా పేరుకుంది. గరిటెను వెలుగుకు తిప్పి చూసి, ఊదింది. తరవాత దగ్గింది. రెండుసార్లు, ఆగి మరొకసారి.

ఖాదర్‌బీ చెయ్యి ఆగిపోయింది. చుడుతున్న గుడ్డ ఒడిలో జారింది. ఆమె తల తిప్పి లోపలికి చూసింది. లేచి, లోపలికి వెళ్ళి, కూతురి చేతిలోంచి ఉప్పు కాగితం లాక్కుంది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఏంది ఎన్నాళ్ళ నుంచి?" అంది సాయిరా.

"దగ్గు."

సాయిరా తల్లిని చూసింది, తరవాత గడపలో నిలబడ్డ నన్ను చూసింది. ఆ పిల్లకు నిజంగానే తెలియదు.

"నేను దగ్గినానా, అన్నా?"